ఏడుపుకు ముందు పావుగంట

సోమశిల రేవు దాకా పోయి, పడవ ఎక్కకుండా తిరిగొచ్చిన రోజు ఒకటుంది. ఆ రోజు గురించి మా ఇంట్లో చాలాకాలం ఎవరం నోరెత్తలేదు.

మార్చి నెల చివరి ఆదివారం. వాడికప్పుడు మూడేళ్ల పది నెలలు. కృష్ణ వెనక్కి తగ్గి అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడిందని తెలిసి, ఆ వేపమొద్దు లింగాన్ని ఒక్కసారి చూసి రావాలని మా అత్తమ్మ ఆశపడింది. కొల్లాపూర్ నుంచి సోమశిల పది కిలోమీటర్లు. పొద్దున్నే పోదామనుకున్నవాళ్లం వంటలు, చుట్టాలు, ఆటో కోసం ఎదురుచూపులు అన్నీ అయ్యేసరికి పదకొండు దాటింది. మేం రేవులో దిగేటప్పటికి ఎండ నెత్తిమీదికొచ్చింది. హైదరాబాద్ బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. చేపల కొట్ల దగ్గర మూకుళ్లలో నూనె కాగుతోంది. ఒక కొట్టు ముందు జనరేటరు, గుడివైపు నుంచి మైకు, నీళ్ల మీద మరబోట్ల ఇంజన్లు. మాకదంతా జాతర సందడి.

నా చేయి పట్టుకుని నడుస్తూ వాడు "టికెట్, టికెట్" అన్నాడు. బస్సులో కండక్టరు అనే మాట. ఆ గొంతుతోనే అంటాడు. అప్పటికి వాడికి వచ్చిన పదీ పదిహేను మాటల్లో సగం అలా ఎవరో అన్నవి అన్నట్టే దించినవి. మా మరిది నవ్వి, "ఔ బిడ్డా, పడవకు గూడ టికెట్ కొందాం" అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్లీ "టికెట్". రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి. మడమలెత్తి మునివేళ్ల మీద నడుస్తున్నాడు. "కాళ్లు కాలుతున్నయేమో, ఎత్తుకో" అంది అత్తమ్మ. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకున్నాడు. మెట్ల దగ్గర మూడోసారి, ఈసారి అరిచినట్టుగా, "టికెట్ టికెట్ టికెట్!" సరిగ్గా అప్పుడే ఒక బోటు ఇంజను అందుకుంది.

మెట్ల మీద వెల్లకిలా పడిపోయాడు. తల రాతికేసి కొట్టుకుంటుంటే కింద నా అరచేయి పెట్టాను. తన ముంజేయి తానే కొరుక్కున్నాడు. ఆ పళ్ల గుర్తులు వారం దాకా మానలేదు. చుట్టూ మనుషులు మూగారు.

"రెండు తగిలియ్యి, సక్కగైతడు."

"గాలి సోకినట్టుంది తల్లీ, గుళ్లెకు తీస్కపో."

"పోరగాండ్లకు ఫోన్లిచ్చి పెంచితే గిట్లనే."

నేను వాణ్ని కొట్టాను. వీపు మీద, గట్టిగా, రెండు దెబ్బలు. వాడి మీద కోపం వచ్చి కాదు. అంతమంది చూస్తున్నారని.

ఏడుపు పెరిగింది. ఆ బోటు నడిపే పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, మమ్మల్ని కాసేపు చూసి ఇంజను ఆపేశాడు. ఎక్కి కూర్చున్నవాళ్లు గొణిగితే, "జర ఆగుండ్రి, పిల్లోడు బెదిరిండు" అన్నాడు. పక్క బోటాయనకూ చేత్తో సైగ చేశాడు. రేవు నిశ్శబ్దం కాలేదు కానీ సగం శబ్దం పోయింది. పది నిమిషాలకు ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. ఇంకో పది నిమిషాలకు నా కొంగు చివర నోట్లో పెట్టుకుని నిద్రపోయాడు. మేం చుట్టాలకు చెప్పి, వచ్చిన ఆటోలోనే వెనక్కి తిరిగాం.

ఆరేళ్లయింది. వాడికిప్పుడు పదో ఏడు నడుస్తోంది. వాడి పేరు ఇక్కడ రాయను. కూడబలుక్కుని చదవడం వచ్చింది. తన పేరు పత్రికలో ఉండాలో వద్దో రేపు వాడే చెప్పాలి.

'కావచ్చు'

డాక్టరమ్మ మాకు మొదట చెప్పింది ఒకే ఒక్క మాట: "కావచ్చు." ఆటిజం కావచ్చు. వినికిడి లోపం కావచ్చు. మాటలు ఆలస్యం అంతే కావచ్చు. చెవి పరీక్ష చేయించుకుని, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మంది. కొల్లాపూర్ బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాట మీద నాకు పట్టరాని కోపం. ఔనో కాదో తేల్చకుండా పంపిందని.

ఆ మాటలో నిజాయితీ ఉందని తర్వాత తెలిసింది. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. తలకు స్కానింగ్ తీసినా కనపడదు. పిల్లవాడు ఎలా చూస్తాడు, ఎలా ఆడతాడు, పిలిస్తే ఏం చేస్తాడు, కావలసింది ఎలా అడుగుతాడు అన్నవి గంటల తరబడి గమనించి, ఇంట్లోవాళ్లను అడిగి చెప్పాల్సిందే. పదహారు నుంచి ముప్పై నెలల పిల్లలకు ఎం-చాట్ అని ఇరవై ప్రశ్నల జల్లెడ ఒకటుంది. అందులో అనుమానం వస్తే తదుపరి పరీక్షకు పంపుతారు తప్ప దానితోనే ఆటిజమని రాసివ్వరు. మన దేశం కోసం తయారైన ఐసా కొలమానంలో 40 అంశాలున్నాయి. వైకల్య ధ్రువపత్రానికి దాన్నే వాడతారు. ఇవన్నీ అయ్యేసరికి నెలలు పడుతుంది. మా ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు ఏడాది కూడా పడుతుంది.

ఆ ఏడాదంతా ఏం చేయాలన్నదే అసలు సంగతి. నేను చేసిన తప్పు అక్కడే. పేరు తేలాక చూద్దామని కూర్చున్నాను.

కూర్చోవడానికి ఊరంతా సాయం చేసింది. మగపిల్లలకు మాటలు లేటన్నారు. వాళ్ల నాయినకూ నాలుగేండ్లకే వచ్చినయన్నారు. మా అమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం కదా, ఆ నమ్మకం. రాసినందుకు అమ్మను తప్పుపట్టను. ప్రేమ ఉన్నచోట మనిషి చేతికి అందిందే చేస్తుంది. కానీ ఆ వస పేరు మీద మేం ఎనిమిది నెలలు ఊరుకున్నాం.

కళ్లముందు కనపడినవి అప్పుడే ఉన్నాయి. మామిడికాయల కాలంలో మా పెరట్లో టెంకలు ఎండబెడితే వాటిని తెచ్చి గడప పొడవునా పేర్చేవాడు. పెద్దది, దాని పక్కన చిన్నది, మళ్లీ పెద్దది. ఒకటి జరిపితే ఇల్లు ఎగిరిపోయేది. వచ్చినవాళ్లకు "ఎంత బుద్ధిమంతుడో, ఒక్కడే ఆడుకుంటడు" అని గొప్పగా చెప్పుకున్నాను. పేరు పెట్టి పిలిస్తే తిరగడు, వీధిలో బస్సు హారన్ వినపడితే మాత్రం పరుగెత్తుతాడు. కొమ్మ మీద కోతిని చూసి వేలు పెట్టి మాకు చూపించడు. ఏదన్నా కావాలంటే నా మణికట్టు పట్టుకుని ఆ వస్తువు దాకా లాక్కుపోతాడు, నా మొహం చూడడు. ఏడాది నిండాక పేరుకు పలకకపోయినా, ఏడాదిన్నరకు వేలు పెట్టి చూపించకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగకూడదని ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను. చివరిది మరీ ముఖ్యం. "అత్త, తాత అన్నడు, మళ్లీ మర్సిపోయిండు" అని తేలిగ్గా అనేస్తుంటారు మన ఇళ్లలో.

మా దగ్గర ఇంకో చిక్కు ఉంది, పెద్ద నగరాల్లో రాసే వ్యాసాల్లో ఇది కనపడదు. పాలమూరు నుంచి వలసపోయే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి తల్లీతండ్రీ హైదరాబాద్, పుణె, ముంబై పోతారు. ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగేది పిల్లవాడు ఎప్పుడు కూర్చున్నాడు, ఎప్పుడు నవ్వాడు, మొదటి మాట ఎప్పుడు అని. సెలవు పెట్టుకుని వచ్చిన తల్లికి అది తెలియదు. తెలిసిన అవ్వ ఇంట్లో మేకల దగ్గరుంటుంది. ఆస్పత్రికి అవ్వను కూడా తీసుకుపోండి. ఆమె చెప్పే నాలుగు మాటలు ఫైలులోని కాగితాలకన్నా విలువైనవి.

తల్లి మీద పడే నింద

రేవులో ఆ రోజు విన్న మాటలకు పెద్ద చదువులవాళ్లలోనూ చుట్టాలున్నారు. అమెరికాలో లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసిన పత్రంతో ఆటిజం వైద్యుల దృష్టికి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అక్కడి వైద్యలోకం పిల్లవాణ్ని వదిలి తల్లిని విచారించింది. తల్లి ప్రేమ చల్లబడిందనీ, ఫ్రిజ్‌లాంటి తల్లుల వల్లే పిల్లలు ఇలా ముడుచుకుపోతారనీ అన్నారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ మాటను ఏకంగా పుస్తకం చేసి జనంలోకి తీసుకుపోయాడు. దాన్ని ఎదుర్కొన్న మొదటివాళ్లలో బెర్నార్డ్ రిమ్లాండ్ ఒకడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి. లోపం పెంపకంలో లేదు, మెదడు ఎదిగే తీరులో ఉందని 1964లోనే పుస్తకం రాశాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైఖేల్ రట్టర్ 21 జతల కవలలను పరిశీలించి, వంశపారంపర్యం పాత్ర ఎంత బలమైనదో చూపించారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధన అంతా ఆ దారినే నడిచింది.

టీకాల మాట కూడా ఇక్కడే తేల్చేస్తాను, ఎందుకంటే మా వీధిలో ఒక తల్లి తన రెండో బిడ్డకు తట్టు టీకా మానేసింది. టీకా వల్ల ఆటిజం వస్తుందన్న 1998 నాటి పత్రాన్ని దాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల్ని పరిశీలించిన అధ్యయనం 2019లో వచ్చింది, ఎక్కడా సంబంధం కనపడలేదు. తట్టు మాత్రం ఇప్పటికీ పిల్లల్ని చంపుతోంది.

ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో హైదరాబాద్ సహా అయిదు ప్రాంతాల్లో జరిగిన సర్వే 2018లో వెలువడింది. రెండు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో 9.2 శాతం మందికి, ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 13.6 శాతం మందికి ఆటిజం, వినికిడి, చూపు, మూర్ఛ, మాట, నేర్చుకోవడం లాంటి వాటిలో ఏదో ఒక ఇబ్బంది ఉందని తేలింది. ఒక అంగన్‌వాడీలో ముప్పై మంది పిల్లలుంటే లెక్క మీరే వేసుకోండి. మన ఊళ్లో ఇలాంటి పిల్లలు లేరంటే, వాళ్లను జనంలోకి తీసుకురావడం లేదని అర్థం. రేవులో జరిగినట్టు ఒక్కసారి జరిగితే ఏ తల్లికైనా మళ్లీ గడప దాటబుద్ధి కాదు.

కట్ట తెగినప్పుడు

బిస్కెట్ కోసం ఏడ్చే పిల్లవాణ్ని గమనించారా? మధ్యలో ఒక కన్ను తెరిచి మనం చూస్తున్నామో లేదో చూసుకుంటాడు. మనం పక్కగదిలోకి పోతే ఏడుపూ పక్కగదిలోకి వస్తుంది. బిస్కెట్ ఇస్తే ఆగుతుంది. అది మంకు. ప్రతి పిల్లవాడికీ ఉంటుంది, మావాడికీ ఉంది. రేవులో జరిగింది వేరు. అప్పుడు వాడి ముందు లోకంలోని బిస్కెట్లన్నీ పోసినా ఆగేవాడు కాదు. ఎవరూ చూడకపోయినా అలాగే పడిపోయేవాడు. చెరువులోకి వరద వస్తూ వస్తూ కట్ట తెగుతుంది చూడండి, అలా. మెల్ట్‌డౌన్ అంటారు. శబ్దం, వాసన, ఎండ, గుంపు, అనుకున్నది మారడం ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చి నిండుతాయి. తెగేటప్పుడు మనం చూసేది చివరి చుక్క. రేవులో అది బోటు ఇంజను.

తెగిన కట్టకు పాఠం చెప్పడం కుదరదు. ఆ సమయంలో మేం చేసేది చాలా తక్కువ. తల, చేతులు దెబ్బ తగలకుండా చూస్తాం. ఫ్యాను తప్ప అన్నీ ఆపేస్తాం. ఒక్కరమే దగ్గరుంటాం. "ఏమైంది నాన్నా, ఎందుకేడుస్తున్నావ్" అని అడగం. మాట కూడా శబ్దమే. దుప్పటి బరువుగా మీద వేస్తే మావాడికి హాయి, కొందరు పిల్లలు ముట్టుకుంటేనే ఓర్వరు. అయ్యాక మంచినీళ్లు, నిద్ర. ఆ రోజు మందలింపులుండవు.

అసలు పని మిగతా రోజుల్లో ఉంటుంది. స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయి మమ్మల్ని ఒక నోట్సు పెట్టమంది. రెండు వందల పేజీల రూళ్ల నోట్సు, మూడు గళ్లు గీశాం. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మేమేం చేశాం. మొదటి గడిలో కనీసం ఏడుపుకు ముందు పావుగంట రాయాలి. నాకది రాయడం రాలేదు. మొదటి రోజుల్లో "ఊరికే", "ఏం లేదు", "ఉన్నట్టుండి" అనే ఉంటుంది ఆ గడినిండా. ఉన్నట్టుండి ఏదీ జరగదని తెలియడానికి నెల పట్టింది.

నెల తిరిగాక పేజీలు వెనక్కి తిప్పితే మొత్తం పద్నాలుగు ఏడుపుల్లో ఆరు కుక్కర్ విజిల్ వచ్చిన ఘడియలో. మూడు, స్టీలు పళ్లెం బదులు ఇంకో పళ్లెంలో పెరుగన్నం పెట్టినప్పుడు. అన్నిటికన్నా నన్ను కూర్చోబెట్టింది వారాల లెక్క. సగానికి పైగా ఆదివారాలే! మాకది సెలవు. లేటుగా లేస్తాం, చుట్టాలొస్తారు, మాంసం వండుతాం, ఎటన్నా పోదామనుకుంటాం. వాడికి మాత్రం ఆరు రోజులు కుదురుగా నడిచిన లోకం ఆ ఒక్కరోజు తలకిందులవుతుంది. సోమశిల ఆదివారం కూడా ఆ వరసలోదే.

కుక్కర్ సంగతి మా అత్తమ్మ చూసుకుంది. ఆమె ఏ శిక్షణకూ పోలేదు. స్టవ్ మీద కుక్కర్ పెట్టగానే వాడి ముందుకొచ్చి మూడు వేళ్లు చూపిస్తుంది. "ఇగో కొడుకా, మూడు అరుస్తది." మొదటిది రాగానే ఒక వేలు ముడుస్తుంది. వాడు ముందే చెవులు మూసుకుని ఆ వేళ్లనే చూస్తుంటాడు. మూడోది కూడా ముడిచాక ఇద్దరూ ఊపిరి వదులుతారు. రెండు నెలలు తిరగకముందే వాడే వచ్చి ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. మావాడు మరో మనిషితో కలిసి ఆడిన మొదటి ఆట అది. వంటింట్లో పుట్టింది.

పాత క్యాలెండర్ల వెనక బస్సు, అన్నం పళ్లెం, స్నానం బకెట్, మంచం బొమ్మలు గీసి గోడకు వరసగా అంటించాం. ముందు స్నానం, తర్వాత బస్సు. అయిపోయిన బొమ్మను తిప్పి పెడతాడు. చెప్తే వినడని మేమనుకున్న పిల్లవాడు చూపిస్తే అన్నీ చేశాడు.

ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. అయిదో ఏట వాడు మూడు రోజులు ఆగకుండా చెలరేగిపోయాడు. తిండి లేదు, చెంప మీద కొట్టుకోవడం. ఇది వాడి జబ్బే అనుకుని మేం లైట్లు ఆపుకుంటూ కూర్చున్నాం. నాలుగో రోజు దవడ వాచింది. పన్ను చీము పట్టింది. నొప్పి అని చెప్పడం రాని పిల్లవాడు దాన్ని ఒళ్లంతా చెప్పాడు. ప్రవర్తన ఒక్కసారిగా మారితే ముందు పన్ను, చెవి, గొంతు, మలబద్ధకం చూడాలి. పిల్లవాడు తనను తాను గాయపరచుకోవడం ఆగకపోతే పిల్లల మానసిక వైద్యులు రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి మందులు రాస్తారు. అవి ఆ తీవ్రమైన చిరాకు తగ్గడానికే, ఆటిజం పోవడానికి కాదు. బరువు, నిద్ర గమనిస్తూ డాక్టరు చూపులోనే వాడాలి.

ఆటిజం పోగొడతామని ఎవరన్నా అంటే లేచి వచ్చేయండి. హైదరాబాద్‌లో ఒకచోట మాకు మూలకణాల ఇంజక్షన్లంటూ లక్షల్లో లెక్క చెప్పారు. ఎకరం అమ్ముదామా అని ఆ రాత్రి మా ఆయన, నేను పడుకోలేదు. ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ నైతిక విలువల బోర్డు 2022లోనే చెప్పింది. ఆ పొలం ఇప్పటికీ మాకుంది. వాడు దాని గట్టు మీద నడుస్తాడు.

నూట ఎనభై కిలోమీటర్లు

సోమశిల నుంచి హైదరాబాద్ సుమారు 180 కిలోమీటర్లు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అయింది. వినికిడి, మాట పరీక్షలకు అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఆ ప్రాంగణం దగ్గరే. నేను చేతులెత్తి మొక్కే చోట్లవి. కానీ వారానికి రెండుసార్లు థెరపీ అంటే మాకు నాలుగు బస్సులు, రెండు కూలిరోజులు, బస్సులో మూడు నాలుగు గంటలు చెవులు మూసుకున్న పిల్లవాడు. నాలుగు నెలలు తిరిగాం. థెరపీలో నేర్చుకున్నది దారిలో పోగొట్టుకునేవాడు.

కాగితం మీద మన దగ్గర లేనిదేమీ లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి, అనుమానం ఉన్న పిల్లల్ని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి రిసోర్స్ పర్సన్లు కదల్లేని పిల్లల ఇంటికే వచ్చి చెబుతారు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. అంతకుముందు 1995 చట్టంలో దాని పేరే లేదు. ప్రభుత్వ సాయం లేదా గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరు చెప్పి పిల్లవాణ్ని కాదనకూడదు. మమ్మల్ని ఒక బడి కాదంది. "వేరే పిల్లల పేరెంట్స్ ఒప్పుకోవట్లేదమ్మా" అన్నారు. నాకు చట్టం తెలిసేసరికి వాడు ఇంకో బడిలో కుదురుకున్నాడు. 40 శాతం ధ్రువపత్రం ఉన్నవాళ్లకు ఇచ్చే ఆసరా పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగింది. జాతీయ ట్రస్టు నిరామయ బీమా లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చుకూ వర్తిస్తుంది. ఎంతమంది తల్లులకు ఈ పేర్లు తెలుసో అంగన్‌వాడీ మెట్ల మీద కూర్చుని అడిగి చూడండి.

గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 కుటుంబాలతో జరిగిన ప్రయోగం ఒకటి 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. నాకు అన్నిటికన్నా ఆశ కలిగించింది అదే. అక్కడ థెరపీ చెప్పింది స్పెషలిస్టులు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. ఇంటికి వచ్చి, తల్లి బిడ్డతో ఆడుతుంటే వీడియో తీసి, దాన్ని ఆమెతోనే కూర్చుని చూసేవాళ్లు. బిడ్డ ఎటు చూస్తున్నాడో అటే చూడు, వాడు పట్టుకున్నదాని గురించే మాట్లాడు, తర్వాత ఆగు, వాడి వంతు రానివ్వు. అలా చేసిన ఇళ్లలో తల్లులు బిడ్డకు అనుగుణంగా స్పందించడం పెరిగింది. పిల్లలు తమంతట తాము తల్లిని పలకరించడమూ పెరిగింది.

రావల్పిండిలో వీలైంది కొల్లాపూర్ మండలంలో ఎందుకు కాదు? మా ఆశ కార్యకర్తకు సెల్‌ఫోన్ ఉంది, ప్రతి ఇల్లూ తెలుసు, ఏ కోడలు ఎప్పుడు పుట్టింటికి పోయిందో తెలుసు. ఆమెకూ అంగన్‌వాడీ టీచరుకూ సరిగా శిక్షణ ఇచ్చి, ఆ పనికి జీతం కలిపితే మా పిల్లలకు 180 కిలోమీటర్లు తగ్గుతాయి. 'కావచ్చు' అన్న రోజు నుంచే పని మొదలవుతుంది. ఆ పద్ధతుల్లో ఏదీ ఆటిజం లేని పిల్లవాడికి చేటు చేసేది కాదు. రేపు కాదని తేలినా మిగిలేది బిడ్డతో ఎక్కువసేపు ఆడుకున్న తల్లే.

టికెట్

నోట్సులో ఏడో నెల పేజీల దగ్గర ఒక రాత్రి నాకు ఆ మాట దొరికింది. మొదటి గడిలో అక్కడక్కడా "టికెట్ అన్నాడు" అని రాసి ఉంది. చుట్టాల ఇంట్లో పెళ్లిమేళం మొదలైనప్పుడు. బట్టల దుకాణంలో. ఆస్పత్రి వరండాలో. ఇంట్లో ఒక్కసారి కూడా లేదు. బస్సు మీద ఇష్టం కొద్దీ అంటున్నాడని అన్నాళ్లూ మురిసిపోయాను. టికెట్ కొడితే బస్సు కదులుతుంది. బస్సు కదిలితే ఉన్న చోటు వెనక్కి పోతుంది. ఇక్కడి నుంచి పోదాం అని వాడు చెబుతున్నాడు.

రేవులో మూడుసార్లు చెప్పాడు. చేతనైన మాటతో, చేతనైనంత మర్యాదగా, పావుగంట పాటు. ఆ తర్వాతే పడిపోయాడు. ఆ తర్వాతే నేను కొట్టాను.

ఆ రాత్రి మా ఆయన్ను లేపి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. పొద్దున లేచి వాడి బొమ్మల వరసలో ఒక పాత బస్సు టికెట్ తెచ్చి అంటించాడు. కావలసినప్పుడు దాన్ని పీకి మా చేతిలో పెట్టొచ్చు. మొదటివారం రోజుకు పదిసార్లు పెట్టాడు, పదిసార్లూ బయటికి తీసుకుపోయాం. తర్వాత తగ్గింది.

మొన్న కార్తీకం వెళ్లాక, మంగళవారం, తెల్లవారుజామున మేం ముగ్గురం మళ్లీ సోమశిల వెళ్లాం. ముందు రోజు వాడికి రేవు ఫొటో చూపించాం. కొట్లు తెరవలేదు. శ్రీశైలం నీళ్లకు మునగకుండా పైకి తెచ్చి కట్టిన సోమేశ్వరుడి గుడిలో ఒక్క దీపం కనపడుతోంది. నీళ్ల మీద మంచు. బోట్లు కట్టేసి ఉన్నాయి. ఆ పెద్దాయన కోసం చూశాను, కనపడలేదు. వాడు చివరి మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి, చిన్న రాళ్లు ఏరి మెట్టు పొడవునా పేర్చాడు. పెద్దది, చిన్నది, మళ్లీ పెద్దది. నేనూ ఒకటి తెచ్చి చివర పెట్టాను. జరపలేదు. దానిపక్కన ఇంకొకటి పెట్టాడు.

దూరంగా ఎవరో ఇంజను తాడు లాగారు. ఒకసారి పట్టలేదు. వాడు తలెత్తి నావైపు చూశాడు, నా కళ్లలోకే.

"టికెట్" అన్నాడు.

చెప్పులు చేతిలో పట్టుకుని ముగ్గురం లేచాం.